ఫెర్గానా 1919: ముందు జనాన్ని పోగేయండి, సైన్యాల సంగతి తర్వాత

చిన్న బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడే మినియేచర్ వార్‌గేమ్‌లో ఇద్దరు స్నేహితులు కొత్త యుద్ధం మొదలుపెట్టే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. నువ్వు ఆ పక్షం తీసుకో, నేను ఈ పక్షం తీసుకుంటా, ఇన్ని పాయింట్లకి (ఒక్కో బొమ్మ బలానికి ఇచ్చే విలువ) ఎవరి సైన్యం వాళ్లు కట్టుకుందాం, రంగులు వేసుకుని సంక్రాంతి సెలవుల్లో టేబుల్ దగ్గర కలుద్దాం. నెపోలియన్ కాలానికో రెండో ప్రపంచ యుద్ధానికో ఇది బాగానే నడుస్తుంది. కానీ 1918 నుంచి 1922 దాకా రష్యన్ తుర్కెస్తాన్‌లో జరిగిన విప్లవ యుద్ధానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఒకరు ఎర్రసైన్యం, అంటే బోల్షెవిక్కుల సైన్యం, ఇంకొకరు బాస్మాచీలు, అంటే వాళ్లని ఎదిరించిన స్థానిక తిరుగుబాటుదారులు, అని పంచుకున్న రోజే ఆ యుద్ధంలో అసలైన విషయం చేజారిపోతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: తుర్కెస్తాన్‌కి రెండు సైన్యాలు ప్లాన్ చెయ్యకండి, ఒక లోయలో బతికే జనాన్ని ప్లాన్ చెయ్యండి, ఏ నెలలో ఏ ఊళ్లో ఆడుతున్నారో చూసుకుని అందులోంచి రెండు పక్షాలు తీయండి.

తుర్కెస్తాన్ అంటే ఇవాళ్టి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, కజకస్తాన్ దక్షిణ భాగం. 1865లో జార్ సైన్యం తాష్కెంట్ తీసుకుంది, 1876లో కోకంద్ ఖానేట్‌ని రద్దు చేసి కలిపేసుకుంది, బుఖారా ఎమీర్‌నీ ఖీవా ఖాన్‌నీ మాత్రం గద్దె మీద ఉంచి చెప్పుచేతల్లో పెట్టుకుంది. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ ప్రాంతం తెలిసింది మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన పుస్తకాల వల్ల. వాటిలో బాస్మాచీ అంటే రాత్రిపూట గుర్రమెక్కి వచ్చి బడిపంతుల్ని చంపేసే బందిపోటు. ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం, ఇప్పటికీ అటకెక్కించలేదు. సోవియట్ యూనియన్ పోయాక బొమ్మ తిరగబడింది: ఇప్పుడు బాస్మాచీలందరూ మచ్చలేని స్వాతంత్ర్య వీరులు, ఎర్రవాళ్లందరూ రాక్షసులు. ఈ రెండు బొమ్మల్లో దేన్ని నమ్మినా మీ టేబుల్ మీదకి రెండు శుభ్రమైన సైన్యాలే వస్తాయి, తుర్కెస్తాన్ తూర్పున ఉన్న ఫెర్గానా లోయ రాదు.

ఫెర్గానా లోయలో యుద్ధం మొదలైంది తుపాకీతో కాదు, తిండితో. జార్ ప్రభుత్వం అక్కడ అమెరికన్ రకం పత్తిని విపరీతంగా ప్రోత్సహించింది. పత్తి రైల్లో రష్యాకి పోయేది, తిండిగింజలు రైల్లో లోయకి వచ్చేవి. పత్తిని వండుకు తినలేమని గుంటూరు, వరంగల్ రైతులకి వేరే చెప్పక్కర్లేదు కదా, అదే కథ. తర్వాత 1916 వేసవిలో, యుద్ధరంగం వెనక కూలిపనికి స్థానిక మగవాళ్లని పంపాలని జార్ ఫర్మానా వచ్చింది. ఖుజంద్‌లో మొదలైన అల్లరి జిజాఖ్ మీదుగా ఈశాన్యాన ఉన్న సెమీరెచ్యె ప్రాంతం దాకా పాకింది, దాన్ని అణచిన తీరుకి భయపడి కిర్గిజ్ కుటుంబాలు మంచు కొండలు దాటి చైనాకి పారిపోయాయి. ఆ మరుసటి సంవత్సరం రెండు విప్లవాలు. తాష్కెంట్‌లో 1917 నవంబర్‌లో అధికారం తీసుకున్న సోవియట్‌లో ఉన్నది చాలావరకు రష్యన్ రైల్వే కార్మికులు, సైనికులు. అధికార పదవుల్లో ముస్లింలకి చోటు లేదని బాహాటంగానే తీర్మానించుకున్నారు. దానికి జవాబుగా లోయలోని కోకంద్‌లో ముస్లిం నాయకులు స్వయంప్రతిపత్తి ప్రకటించారు, ముస్తఫా చోకాయ్ దానికి నాయకుడయ్యాడు. 1918 ఫిబ్రవరిలో తాష్కెంట్ దళాలు, వాటితో పాటు దష్నాక్ అనే ఆర్మేనియన్ జాతీయవాద పార్టీ దళాలు కోకంద్ మీద పడి నగరాన్ని కాల్చేశాయి, వేలమంది చచ్చిపోయారు. లోయలో కుర్బాషీల దళాలు, అంటే గుర్రపు ముఠా నాయకుల దళాలు, పుట్టగొడుగుల్లా లేచింది ఆ తర్వాతే. ఆ రోజుల్లోనే, బోల్షెవిక్కులకి ఎదురు తిరిగిన అతమాన్ (కొసాక్ నాయకుడు) దూతోవ్ కొసాక్కులు ఓరెన్‌బుర్గ్ దగ్గర రైలు మార్గాన్ని కోసేయడంతో గింజలు రావడం ఆగిపోయింది. కరువు వచ్చిపడింది.

ఇక్కడిదాకా వింటే రెండు పక్షాలు స్పష్టంగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. రష్యన్ వలసదారులు ఒకవైపు, స్థానిక ముస్లింలు ఒకవైపు. అలా అనిపించినచోట ఆపేసి బొమ్మలకి ఆర్డర్ పెట్టేస్తున్నారు జనం. ఇంకొక్క సంవత్సరం ముందుకి వెళ్లండి.

లోయ తూర్పు అంచున, జలాలాబాద్ చుట్టుపక్కల, రష్యన్ రైతుల పల్లెలుండేవి. కుర్బాషీల దాడుల నుంచి కాపాడుకోడానికి 1918 చివర్లో వీళ్లతో ఒక రైతు సైన్యం ఏర్పడింది, సోవియట్ అధికారులే వాళ్లకి ఆయుధాలిచ్చారు. దాని నాయకుడు కొన్‌స్తాంతిన్ మోన్‌స్త్రోవ్. అంటే అప్పటికి వాళ్లు ఎర్రపక్షమే. 1919లో తాష్కెంట్ గింజల మీద గుత్తాధిపత్యం ప్రకటించి రైతుల గాదెల దాకా వచ్చేసరికి ఈ రైతులే మదామిన్ బెక్ అనే కుర్బాషీతో చేతులు కలిపారు. నిన్నటిదాకా ఎవరి నుంచి పల్లెల్ని కాపాడుకోవాలని తుపాకీ పట్టారో వాళ్లతోనే. సెప్టెంబర్‌లో ఇద్దరూ కలిసి ఓష్ తీసుకున్నారు, ఆండిజాన్‌ని చుట్టుముట్టారు. లోపల ఎర్ర దండు, బయట గడ్డాల రష్యన్ రైతులు, వాళ్ల పక్కన తలపాగాల ఉజ్బెక్, కిర్గిజ్ రౌతులు. నెలాఖరుకల్లా బయటి నుంచి ఎర్ర సహాయ దళాలు వచ్చి ముట్టడిని ఛేదించాయి, కూటమి చీలిపోయింది, శీతాకాలంలో మోన్‌స్త్రోవ్ లొంగిపోయాడు. 1920 మార్చిలో మదామిన్ బెక్ కూడా సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అతని రౌతులు ఎర్రసైన్యం కింద ఒక ముస్లిం గుర్రపు దళంగా మారారు! అవే గుర్రాలు, అవే అంగీలు, జెండా ఒక్కటే కొత్తది. మరి కొన్ని వారాలకే సాటి కుర్బాషీల చేతుల్లో మదామిన్ చనిపోయాడు, రాజీకి రమ్మని వాళ్లతో మాట్లాడటానికి వెళ్లినప్పుడు.

ఇప్పుడు చెప్పండి, మదామిన్ రౌతుల బొమ్మలు ఎవరి సైన్యంలో ఉండాలి? మోన్‌స్త్రోవ్ రైతులు ఎవరి పాయింట్ల లెక్కలోకి వస్తారు?

ఇదేదో ఒక్క లోయలో ఒక్కసారి జరిగిన వింత కూడా కాదు. 1919 జనవరిలో తాష్కెంట్‌లో తిరుగుబాటు చేసి 14 మంది కమిసార్లని (సోవియట్ ప్రభుత్వ ముఖ్య అధికారుల్ని) చంపించిన ఒసిపోవ్ ఎవరనుకున్నారు, తుర్కెస్తాన్ సోవియట్ ప్రభుత్వపు యుద్ధ కమిసారే. బుఖారాలో ఎమీర్‌ని తరిమేశాక ఏర్పడిన ప్రజా రిపబ్లిక్‌కి అధ్యక్షుడిగా ఉన్న ఉస్మాన్ ఖోజా 1921 చివర్లో దుషాంబేలో ఎర్ర దండు మీదే తిరగబడి అటుపక్కకి వెళ్లిపోయాడు. బష్కిర్ నాయకుడు జకీ వలిదీ మొదట బోల్షెవిక్ వ్యతిరేక శ్వేతసైన్యంతో ఉన్నాడు, 1919లో ఎర్రవాళ్లతో కలిశాడు, ఆ తర్వాత తుర్కెస్తాన్ తిరుగుబాటుదారుల్లో కలిశాడు. వీళ్లందరినీ అవకాశవాదులని కొట్టిపారేయడం తేలిక. నాకలా అనిపించదు. పైనుంచి వచ్చే ప్రతి అధికారమూ ఏదో ఒకటి లాక్కుపోతున్న చోట, ఈ నెలకి ఎవరితో ఉంటే ఊళ్లో జనం బతుకుతారో చూసుకోవడం సహజం. టేబుల్ మీద నాకు కావలసింది ఆ లెక్కే.

కాబట్టి నా ప్లాన్ ఇలా సాగుతోంది. సైజు, అంటే బొమ్మ మనిషి ఎత్తు, 15 మిల్లీమీటర్లు. 28లో మొహాలు బాగా కనిపిస్తాయి, ఒప్పుకుంటాను, కానీ ఇది గుర్రాల యుద్ధం. 28లో యాభై గుర్రాలంటే డబ్బూ ఎక్కువే, చోటూ ఎక్కువే, పైగా కస్టమ్స్ సుంకం కూడా కట్టాక మొత్తం చూస్తే గుండె గుభేలుమంటుంది. 15కి ఇంకో పెద్ద లాభం రైలు. రష్యన్ రైలు పట్టాల వెడల్పు 1524 మిల్లీమీటర్లు, నూరో వంతుకి తగ్గిస్తే పదిహేనుంపావు. మామూలు హెచ్‌ఓ మోడల్ రైలు పట్టా 16.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు సరిపోయినట్టే. సెకండ్‌హ్యాండ్ బొమ్మ రైలు పట్టాలు కొని, ఒక గూడ్స్ పెట్టె పక్కలకి పత్తి బేళ్లు పేర్చినట్టు చేస్తే ఆనాటి సాయుధ రైలు తయారు. పత్తి బేళ్లని నేనేమీ కల్పించడం లేదు, ఉక్కు పలకలు దొరకని ఆ రోజుల్లో ఒత్తిడితో నొక్కి కట్టిన పత్తి బేళ్లనే కవచంగా పేర్చుకుని రైళ్లు నడిపారు. ఏ పత్తి వల్ల ఆ లోయ ఆకలితో మాడిందో ఆ పత్తే.

మనుషుల విషయానికొస్తే, మొదటి గుంపు రష్యన్ రైతులు, ఓ నలభై మంది, అందరూ కాల్నడకే. గడ్డాలు, టోపీలు, నడుముకి బెల్టు కట్టిన పొడుగు చొక్కాలు, చేతుల్లో పాత బెర్డాన్ తుపాకులు, కొందరికి మోసిన్ రైఫిళ్లు. వీళ్లు 1918 చివర్లో సోవియట్ పక్షాన పల్లెల కాపలాదార్లు, 1919 సెప్టెంబర్‌లో ముట్టడిదార్లు. ఒక్క బొమ్మకి కూడా రంగు మార్చక్కర్లేదు. రెండో గుంపు పాత జార్ సైనిక దుస్తుల్లో ఉన్న మాజీ సైనికులు, రైల్వే కార్మికులు, మరో నలభై. వీళ్లలో కొందరికి ఎర్ర పట్టీ చేతికి కడితే తాష్కెంట్ రెడ్ గార్డులు, పట్టీ తీసేస్తే ఒసిపోవ్ వెంట నడిచినవాళ్లు. అష్ఖాబాద్‌లో బోల్షెవిక్కుల మీద తిరగబడ్డ రైల్వే కార్మికులకి కూడా వీళ్లే సరిపోతారు. మూడో గుంపు రౌతులు, ఓ యాభై. వీళ్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ముందు మిగతావి చెప్పేస్తా. ఆస్ట్రియా-హంగేరీ యుద్ధఖైదీలు తుర్కెస్తాన్ శిబిరాల్లో వేలల్లో ఉండేవాళ్లు, వాళ్లలో కొందరు అంతర్జాతీయవాదుల పేరుతో ఎర్రవాళ్ల పక్షాన పోరాడారు. ఇంటికి పోయే రైలు లేదు, తిండి లేదు, చేతికి తుపాకీ ఇచ్చినవాడే అన్నం పెట్టాడు, కొందరికి అందులో నిజమైన నమ్మకమూ ఉంది. వెలిసిపోయిన బూడిద రంగు కోట్లలో ఓ ఇరవైమంది చాలు. నా ప్లాన్ మొత్తంలో పక్షం మారని గుంపు దాదాపు ఇదొక్కటే. చిన్న ఆర్మేనియన్ దళం ఒకటి, రెండు మాక్సిమ్ మెషిన్ గన్‌లు, ఒక మూడంగుళాల ఫిరంగి. అంతే.

బుద్యోనొవ్కా మాత్రం ఒక్కటి కూడా కొనకండి. ఆ మొనదేలిన గుడ్డ టోపీ నమూనా ఖాయమైందే 1919లో, అప్పటికి తుర్కెస్తాన్‌కీ మాస్కోకీ మధ్య దారి లేదు. ఎర్ర సేనాని ఫ్రూంజె దళాలు, తాష్కెంట్ వైపు నుంచి వచ్చిన దళాలు ముగొద్జార్‌స్కాయా స్టేషన్ దగ్గర కలుసుకున్నది 1919 సెప్టెంబర్ 13న, అంటే ఆండిజాన్ ముట్టడి రోజుల్లోనే. ముట్టడిలో ఉన్న ఎర్ర సైనికుడి తలమీద ఆ టోపీ పెట్టారంటే ఆ మనిషి ఎందుకు అంత తెగిపోయి, తూటాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడో మీ టేబుల్‌కి తెలియనట్టే.

ఇక రౌతులు. నెట్‌లో కనిపించే బాస్మాచీ సైన్యాల్లో ప్రతి మనిషీ ఎరుపు, పసుపు, ఊదా రంగుల పట్టు అంగీతో మెరిసిపోతుంటాడు. ఆ ఇకత్ పట్టు చపాన్లు నిజమే, కానీ అవి డబ్బున్నవాళ్లవి, కుర్బాషీవి, అతని పక్కన నడిచే ఒకరిద్దరివి. మామూలు రౌతు వేసుకునేది దూది పెట్టి కుట్టిన నూలు చపాన్, ఎన్నో ఎండాకాలాలకి వెలిసిపోయింది. నేను చేసే పద్ధతి ఏమిటంటే, ముందు మట్టిరంగు గోధుమ లేదా బూడిద కలిసిన నీలం పూస్తాను, అది ఆరాక దానికంటే ఒక్క మెట్టు లేతగా ఉన్న రంగుని నీళ్లలా పల్చన చేసి సన్నని బ్రష్‌తో భుజం నుంచి కిందికి చారలు గీస్తాను, చార వంకరపోయినా దిద్దను, ఎందుకంటే గుర్రం మీద కూచున్నవాడి అంగీ మడతపడుతుంది కాబట్టి చార కూడా విరుగుతుంది. ఆ మీద గోధుమ వాష్, అంటే పల్చటి రంగు పూత, ఒకటి. గట్టి రంగు నడుముకి చుట్టిన గుడ్డకి మాత్రమే. కిర్గిజ్ మనిషైతే తెల్లటి ఫెల్టు కల్పాక్, ఉజ్బెక్ అయితే దొప్పీ టోపీ చుట్టూ తలపాగా. పెద్ద గొర్రెచర్మపు టోపీలు తుర్క్‌మెన్‌లవి, బొమ్మ ఎంత అందంగా ఉన్నా అవి ఫెర్గానాలో పెట్టకండి, ఖీవా వైపు జునైద్ ఖాన్ మనుషులకి దాచుకోండి. యాభైమంది ఇలా వెలిసిన రంగుల్లో తయారయ్యాక వాళ్ల మధ్యలో ఒక్క పట్టు చపాన్ పెట్టి చూడండి, నాయకుడెవడో టేబుల్ అవతలి చివర నుంచి కూడా తెలుస్తుంది.

జెండాలు బేస్‌కి అతికించొద్దు. చిన్న అయస్కాంతం మీద నిలబెట్టండి. మదామిన్ దళానికి 1919 జెండా ఒకటి, 1920 మార్చి తర్వాత ఎర్ర జెండా ఒకటి. ఇదేదో చిన్న చిట్కాలా కనిపిస్తుంది కానీ నా వాదనంతా ఆ అయస్కాంతంలోనే ఉంది.

నేనిదంతా చెబితే, ఎప్పుడూ నాతో ఆడే స్నేహితుడు అడిగాడు: «అది సరే గానీ అన్నా, నాదంటూ ఒక సైన్యం లేకపోతే అర్ధరాత్రి దాకా కూచుని గుర్రాలకి రంగెవడేస్తాడు?» న్యాయమైన ప్రశ్న. ఇష్టం లేకుండా ఎవరూ బొమ్మకి కనుబొమలు గీయరు. సొంతం అనే భావన ఉండాలి, కానీ అది పక్షం దగ్గర కాకుండా గుంపు దగ్గర ఉండాలి. మా పంపకం ఇదీ: ఒక కుర్బాషీ దళమూ యుద్ధఖైదీల కంపెనీ అతనివి, రష్యన్ రైతులూ ఇంకో కుర్బాషీ దళమూ నావి, రైల్వే కార్మికులు ఇద్దరివీ. దీనివల్ల ఏ ఆటలోనైనా ఇద్దరి బొమ్మలూ రెండువైపులా ఉంటాయి. అతని గుర్రాలు నా రైతుల పక్కన నిలబడి అతని హంగేరియన్ల మీదకే దూకుతాయి. తన సొంత మనుషులు రెండువైపులా ఉన్నప్పుడు ఆటగాడు ఎదుటి పక్షం గురించి చదువుతాడు, చదవక తప్పదు. తన పక్షమే న్యాయమని పంతం పట్టే అవకాశం కూడా తగ్గుతుంది. అతను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, తన కుర్బాషీకి పేరు, ఊరు, ఇద్దరు తమ్ముళ్లు, ఒక పాత పగ అన్నీ రాసుకుని కూచున్నాడు.

సమాన పాయింట్లు అనే అలవాటు కూడా వదులుకోవాలి. తాష్కెంట్ సోవియట్‌కి ఒకే కాలంలో ఓరెన్‌బుర్గ్ వైపు, అష్ఖాబాద్ వైపు, సెమీరెచ్యె వైపు, ఫెర్గానాలో నాలుగు రంగాలుండేవి. మెషిన్ గన్‌లు, ఫిరంగులు, రైలు, పట్టణం వాళ్లవి. గింజలు, గుర్రాలు, పల్లెలు, రాత్రి అవతలివాళ్లవి. ఇలాంటి చోట రెండువైపులా సమాన బలం పెట్టడమంటే ఆ యుద్ధాన్ని తీసేసి ఇంకోటి పెట్టడమే. సమానం చెయ్యాల్సింది ఆటగాళ్ల ముందున్న చిక్కుల్ని. ఆండిజాన్ ఆటలో లోపలి దండు సహాయం వచ్చేదాకా కోట నిలుపుకుంటే చాలు, కానీ ప్రతి మెషిన్ గన్‌కీ ఇన్నిసార్లే కాల్చగలదని ముందే చీటీ ఉంటుంది, అది అయిపోతే గన్ అలంకారం మాత్రమే. బయటివాళ్లకి మనుషులు ఎక్కువ, కానీ రైతులకీ రౌతులకీ వేర్వేరు నాయకులు, ఒకరి ఆదేశం ఇంకొకరు వినరు. పైగా ముట్టడి ఎన్ని టర్నులు సాగితే అన్ని గింజల బస్తాలు ఖర్చు. బస్తాలు అయిపోయిన గుంపుకి పాచిక వెయ్యాలి: ఒకటో రెండో పడితే ఇంటికి పోతారు, కోతల కాలం మరి. దీనికోసం అరబాలు చెయ్యాలి, మనిషంత ఎత్తు రెండు చక్రాలుండే అక్కడి బళ్లు. వార్‌గేమర్లు బళ్లని ఎప్పుడూ ఆఖర్న చేస్తారు, అసలు చెయ్యరు కూడా. ఫెర్గానాకి మాత్రం ముందు బళ్లు చెయ్యండి.

టేబుల్ కూడా అంతే. ఎడారి అనుకుని ఇసుక రంగు గుడ్డ పరిచేస్తారు చాలామంది. లోయ ఎడారి కాదు, సాగునీటి భూమి. ఛాతీ ఎత్తు మట్టి గోడలు, వాటి పక్కన అరీక్ అనే పిల్లకాలవలు, మల్బరీ చెట్లు, పోప్లార్ చెట్లు, పత్తి చేలు. గుర్రపు దళం విచ్చలవిడిగా దూకడానికి వీల్లేని నేల అది. థర్మకోల్ ముక్కలకి గోడల పుట్టీ పూసి, ఆరకముందే వేలితో గరుకు చేస్తే చక్కటి మట్టి గోడ వస్తుంది. గోడల మధ్య ఇరుకు దారుల్లో వెళ్తున్న ఎర్ర దండుకి పైనుంచి ఎవరు చూస్తున్నారో తెలియని టెన్షన్, అది ఆటలో రావాలి.

కొన్ని టేబుల్ మీదకి తేకూడదు. 1918 కోకంద్‌ని నేను ఆడను. కుర్బాషీ దళాలు వలసదారుల పల్లెల మీద, ఎర్రవాళ్లతో కలిశారని అనుమానించిన సాటి ముస్లింల మీద చేసిన హత్యల్ని కూడా ఆడను. నిరాయుధుల్ని చంపడానికి పాచిక వేయించే రూలు రాయడం నాకు చేతకాదు, చేతనైనా రాయను. కానీ వాటిని మర్చిపోయినట్టు నటించడం అంతకంటే తప్పు. అందుకని అవి గుంపుల మనసుల్లో ఉంటాయి: కోకంద్‌కి దగ్గరి ఊళ్ల రౌతులు ఎర్రపక్షానికి మారాలంటే పాచిక చాలా పెద్దది పడాలి, ఆర్మేనియన్ దళం పక్కన ఉంటే అసలు మారరు. 1922లో సోవియట్ ప్రభుత్వం వక్ఫ్ భూములు తిరిగిచ్చి, షరియా కోర్టుల్ని మళ్లీ అనుమతించి, పన్నులు తగ్గించాకే చాలా దళాలు చల్లబడ్డాయి. తుపాకీ ఎంత గెలిచిందో ఆ రాజీ కూడా అంతే గెలిచిందని నా అభిప్రాయం. ఆట ఆ సంవత్సరం దాకా సాగితే, ఎర్ర ఆటగాడికి ఒక టర్ను దాడి మానుకుని రాయితీలిచ్చే దారి రూల్స్‌లో ఉండాలి.

ఫెర్గానా వద్దు, ఇంకా భారీగా కావాలి అనేవాళ్లు బుఖారా వైపు చూస్తారు. 1920 ఆగస్టు చివర్లో ఫ్రూంజె విమానాలతో, సాయుధ రైళ్లతో, ఫిరంగులతో నగరం మీద పడి సెప్టెంబర్ 2 నాటికి తీసేసుకున్నాడు, ఎమీర్ ఆలిమ్ ఖాన్ తూర్పుకి పారిపోయాడు. చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ ఎమీర్ ఆటగాడికి చేసేదేమీ ఉండదు, నాలుగు రోజులు దెబ్బలు తినడం తప్ప. దానికంటే దారుణం అన్వర్ పాషా పిచ్చి. ఆ ఒట్టొమన్ యుద్ధమంత్రి బొమ్మ ఒకటి కొని దాని చుట్టూ సైన్యం కట్టేవాళ్లు ఎంతమందో. అతను 1920లో బాకూలో జరిగిన తూర్పు ప్రజల సభకి సోవియట్ అతిథిగా వచ్చినవాడు, 1921 చివర్లో బుఖారా నుంచి తిరుగుబాటుదారుల్లోకి వెళ్లాడు, 1922 ఆగస్టు 4న బల్జువాన్ దగ్గర చనిపోయాడు. ఏడాది కూడా లేదు. వెళ్లగానే లొకాయ్ తెగ నాయకుడు ఇబ్రహీం బెక్ అతన్ని నమ్మక నిర్బంధించాడు కూడా. ఆ ఇబ్రహీం బెక్ 1931 దాకా పోరాడాడు. సైన్యం ఎవరి చుట్టూ కట్టాలో మీరే చూసుకోండి.

నాకు నిజంగా ఆశ పుట్టించేది పడమటి వైపు, కాస్పియన్ అవతలి రైలు దారి. ఎందుకంటే అక్కడ మనవాళ్లున్నారు. 1918లో అష్ఖాబాద్ తిరుగుబాటుదార్లకి సాయంగా మష్హద్ నుంచి జనరల్ మాలెసన్ పంపిన బ్రిటిష్ ఇండియన్ దళాల్లో 19వ పంజాబీలు, 28వ లైట్ కావల్రీ ఉన్నారు. ఆ కావల్రీ రెజిమెంట్ మూలం మద్రాసు సైన్యంలో ఉంది. కాహ్‌కా దగ్గర, అక్టోబర్‌లో దుషాక్ దగ్గర వీళ్లు ఎర్రవాళ్లతో తలపడ్డారు, 1919 వసంతంలో వెనక్కి వెళ్లిపోయారు. మరుసటి సంవత్సరం, ఖిలాఫత్ రోజుల్లో హిజ్రత్ అని దేశం వదిలి కాబూల్ మీదుగా నడిచిన మన ముహాజిర్లలో కొందరు అమూ దర్యా దగ్గర తుర్క్‌మెన్‌ల చేతికి చిక్కి, బయటపడి, కెర్కీ కోటలో ఎర్ర సైనికుల పక్కన నిలబడి తుపాకీ పట్టారు. వాళ్లలో కొందరే తర్వాత తాష్కెంట్‌లో ఎం.ఎన్. రాయ్ పెట్టిన సైనిక పాఠశాలలో చేరారు. 1920 అక్టోబర్ 17న అక్కడే భారత కమ్యూనిస్టు పార్టీ మొదటి రూపం ఏర్పడింది. రెండేళ్ల తేడాలో, అదే తుర్క్‌మెన్ నేల మీద, భారతీయులు రెండువైపులా నిలబడ్డారు. పంజాబీల బొమ్మలు దొరుకుతాయి, మొదటి ప్రపంచ యుద్ధపు ఇండియన్ సైన్యం ఏ కంపెనీదైనా సరిపోతుంది. కెర్కీ ముహాజిర్లు మాత్రం ఎవరూ చెయ్యరు. అఫ్గాన్ బొమ్మల తలలు మార్చి, చేతికి మోసిన్ ఇచ్చి, నేనే ఓ డజను చేసుకుంటాను. అది ఫెర్గానా పూర్తయ్యాకే, రెండూ కలిపేస్తే రెండూ మిగలవు.

ప్రస్తుతం ప్రైమర్ వేసి ఆరబెట్టినవి అరబాలు, వాటి గుర్రాలు, బస్తాలు. తర్వాత రష్యన్ రైతులు, ఎందుకంటే రెండు పక్షాల్లోనూ వెంటనే పనికొచ్చేది వాళ్లే. రౌతుల్ని పదేసి మంది చొప్పున, ఒక్కో పదిమందికీ ఒక ఊరి పేరు పెట్టి మొదలుపెడతాను. రూల్స్‌లో ఇంకా తేలనిది ఒక్కటే ఉంది: 1920లో మదామిన్ బెక్ చనిపోయిన టర్నులో అతని యాభైమంది రౌతులు ఎవరివైపు వెళ్లాలి? నా స్నేహితుడు ఒకే పాచికతో అందర్నీ తేల్చేద్దామంటున్నాడు. నేను ఊరికొక పాచిక అంటున్నాను, ఆ ఊరి గాదెలో ఎన్ని బస్తాలు మిగిలాయో చూసి.